మామకీ నాకూ మధ్య రేడియో

మా పాత పికప్ బండికి కొత్త స్టీరియో పెట్టించిన రోజు మా ఆయన ముఖం చూసి తీరాలి. మా పెళ్ళిలో కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు. "ఇంగ మీ ఇద్దరికీ పండగే" అన్నాడు. మీ ఇద్దరికీ అంటే నాకూ, మా మామకీ. మేమిద్దరం రేడియో పిచ్చివాళ్ళమని ఆయన గట్టి నమ్మకం. అన్నేళ్ళు మా పక్కనే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న మనిషికి అసలు సంగతి తెలియనే లేదు. మేము వింటున్నామని ఆయన అనుకున్నాడు. మేము ఆ రేడియోని అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటున్నాము.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి. తమిళ రాష్ట్రంలో, హోసూరు నుంచి అంచెట్టికి పోయే దారిలో మాదొక పల్లె. చామంతి, రోజా వేస్తాం. నా పుట్టిల్లు కుప్పం దగ్గర. అక్కడ కూడా కోడళ్ళు మామల ఎదురుగా నిలబడి మాట్లాడరు గానీ, అవసరమైతే తలుపు చాటు నుంచి ఒక మాట అంటారు. మెట్టినింట్లో అదీ లేదు. మామ వస్తుంటే లేవాలి, పక్కకి తప్పుకోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. ఆయన కూడా నాతో నేరుగా ఒక్క మాట అనరు, నా ముఖం వంక చూడరు. కోపమేమీ లేదు, అది మర్యాద. నాలాంటి వాగుడుకాయకి ఆ మర్యాద ఎంత పెద్ద శిక్షో ఆ దేవుడికే తెలియాలి.

మా అత్త ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. మామ అరుగు మీద, నేను వంటింట్లో, మధ్యలో అత్త. "మీ మామకి ఇంగొంచెం సంగటి కావాలంటమ్మా" అని నాకు చెప్పేది. "కోడలు ఆదివారం పుట్టింటికి పోవాలంటా ఉండాది" అని ఆయనకి చెప్పేది. మేము ఒకరికొకరం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నా సరే, మాట మాత్రం ఆమె మీదుగానే పోవాలి. ఆమె పోయాక ఇంట్లో ఒక్కసారిగా మాట ఆగిపోయింది. కొడుకు ఉన్నాడు కదా అంటారేమో. మా ఆయనకి ఒక మాట చెప్పి పంపితే గుమ్మం దాటేలోపల మరిచిపోతాడు. పైగా తండ్రీ కొడుకులు రెండు మాటలు మాట్లాడుకుంటే మూడోది గొడవే. ఆ ఏడాది నేను ఒంటరితనంతో చచ్చిపోయాను. సంగటి ముద్ద మామ పళ్ళెంలో పెట్టి, చాలో చాలదో తెలియక వాకిలి దగ్గర నిలబడిపోయేదాన్ని.

అప్పటిదాకా నేను హోసూరు పూల మార్కెట్టుకి పోయినా బండి వెనకాల, గంపల మధ్య కూర్చునే పోయేదాన్ని. ఒక తెల్లవారుజామున జోరున వాన. మా ఆయన బండి ఆపి, "ముందర కూచో, జబ్బు చేస్తే చూసేదెవురు" అని కసిరాడు. ముందు ఉన్నది ఒక్కటే పొడుగు సీటు. స్టీరింగ్ దగ్గర ఆయన, కిటికీ దగ్గర మామ. మధ్యలో కూర్చోక తప్పింది కాదు. మామకీ నాకూ నడుమ ఒక పూలగంప పెట్టుకున్నాను. కన్నడ సరిహద్దులో ఉన్న జూజువాడి చెక్‌పోస్టులాగా ఆ గంప మా మధ్య గట్టిగా నిలబడింది. ఆ రోజు తర్వాత వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు. నేనూ పోలేదు.

రేడియో మామ సొత్తు. బండి కొన్నప్పుడే పెట్టించారట. రెండు తిప్పుడు గుండీలు, క్యాసెట్ పెట్టే సందు ఒకటి. ఆ సందులో ఎప్పుడో ఏదో ఇరుక్కుని అది పని మానేసింది. ఎఫ్ఎమ్ పెడితే కరకరమని చప్పుడు. కానీ మీడియం వేవ్‌లో మాత్రం ఆంధ్రా వైపు స్టేషన్ ఒకటి బాగా వచ్చేది. దాని కోసమే మామ బండి ఏరియల్‌కి రాగి తీగ చుట్టి పొడుగు చేశారు. పెద్ద కరెంటు లైన్ల కింద పోతున్నప్పుడు తేనెటీగల్లాగా రొద పెట్టేది, అవి దాటగానే మళ్ళీ మామూలే. మా ఆయన చదువంతా తమిళంలో, పిల్లలదీ అంతే. ఇంట్లో తెలుగు చదవడం, రాయడం వచ్చింది మామకీ నాకే. వార్తలు, రైతుల కార్యక్రమం, తిరుగు దారిలో డాక్టరు సలహాలు, అన్నీ మా ఇద్దరికే అన్నట్టు వచ్చేవి. మా ఆయనకి లారీలని తిట్టడంతోనే సరిపోయేది.

మొదటిసారి ఎలా జరిగిందో నాకు బాగా గుర్తుంది. రేడియోలో ఆమె ఎవరో వానలు పడతాయని చెబుతోంది. మామ కిటికీ బయటికి చూస్తూ, "ఏమమ్మా, పడతాది పడతాది అంటావు, మా దిక్కు యాడ పడె? నువ్వొచ్చి చూసినావా?" అన్నారు. నేను నవ్వాపుకున్నాను. ఆయనే మళ్ళీ, "ఆ వాన మాట అట్లుండనీ. తడి చామంతి మూట కడితే సాయంత్రానికి నల్లబడతాదని ఇంట్లో వాళ్ళకి రవ్వంత చెప్పమ్మా" అన్నారు.

ఇంట్లో వాళ్ళంటే నేను. ఆ పొద్దు తడి పూలు మూట కట్టింది కూడా నేనే. ఒళ్ళు మండింది. మంచు ఆరేదాకా ఉంటే మార్కెట్టు ముగిసిపోతుంది కదా! ఎదురుగా రేడియో గుండీ వంక చూస్తూ, "మంచు ఆరినాక పోతే ఆడ కొనేవాళ్ళెవురమ్మా ఉంటారు, నువ్వన్నా చెప్పు" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మామ ముఖం ఇటు తిప్పలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వుతున్నారు. మా ఆయన ఇదేదీ పట్టించుకోకుండా ముందున్న ట్రాక్టరు మీద హారను కొడుతున్నాడు.

అలా మొదలైంది. ఆ తర్వాత రేడియోలో ఆమె మా అత్త స్థానంలోకి వచ్చేసింది. ఆమె ఏం చెబుతోందో ఎవరికి కావాలి! ధరలు చెబుతుంటే మామ, "అమ్మా, పైతోటకి ఈసారి రోజా వద్దు, బంతి వేస్తే నయమని నాకు అనిపిస్తాది" అనేవారు. "బంతికి ఈ మధ్య పురుగు శానా ఉండాదంట కదమ్మా" అని నేను. డాక్టరు వచ్చి ఉప్పు తగ్గించమంటే నాకు పండగ. "బాగా చెప్పినారు డాక్టరయ్యా, ఇంగొకసారి గట్టిగా చెప్పండి, వినాల్సిన వాళ్ళు కిటికీ బయటికి చూస్తా ఉండారు" అనేదాన్ని. మామ ఊరుకుంటారా? "డాక్టరయ్యా, మా ఇంటికొచ్చి ఒకపూట రసం తాగి పోండి. ఉప్పు ఉండాదా లేదా మీరే చెప్పండి" అనేవారు.

నవ్వులాటే కాదు, పెద్ద సంగతులు కూడా అలాగే తెలిసేవి. ఒకరోజు డాక్టరు, కాళ్ళకి తిమ్మిరి పడితే అశ్రద్ధ చెయ్యొద్దు అంటున్నాడు. మామ మెల్లగా, "నాకూ అట్లే ఉండాది సామీ, చెప్పు జారిపోయినా తెలియదు" అన్నారు. ఆ సాయంత్రమే మా ఆయన వెంటపడి మామని ఆస్పత్రికి పంపించాను. షుగరని తేలింది. మామ తన ఒంటి సంగతి కొడుకుతో చచ్చినా చెప్పరు. చెబితే, "ముందే ఎందుకు చెప్పలేదు" అని కొడుకు అరుస్తాడు. రేడియో అరవదు కదా.

ఇప్పుడు మామ లేరు. ఆ తెల్లవారుజాములు తలుచుకుంటే పూల వాసన కంటే ముందు ఆ రేడియో రొదే చెవికి వినిపిస్తుంది. మంచు పట్టిన అద్దం, డీజిలు వాసన, మా ఆయన తిట్లు, మా ఇద్దరి దొంగ మాటలు. నా కాపురంలో నేను అంత సంతోషంగా ఉన్న చోటు ఇంకొకటి లేదు.

మళ్ళీ స్టీరియో దగ్గరికి వస్తాను. మామ ఇంకా ఉన్న రోజులవి, ఆయుధపూజ దగ్గరపడింది. బండి కడిగి, గుమ్మడికాయ కొట్టి, పూలు కట్టే పండగ. ఈసారి బండికి కొత్తదేదైనా పెట్టాలని మా ఆయనకి పుట్టింది. మార్కెట్లో పూలు దించేశాక బండిని నేరుగా ఒక స్టీరియో షాపు ముందుకి పోనిచ్చాడు. తెర ఉన్న సెట్టు, వెనక్కి పోయేటప్పుడు చూపించే కెమెరా, ఫోను కలుపుకునే వసతి, అన్నీ ఉన్నాయట. మామని షాపతను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టాడు. నేను బండి నీడలో నిలబడ్డాను.

పాత సెట్టు అంత సులువుగా రాలేదు. మామ దాన్ని చెక్కముక్కలతో బిగించి, నల్ల టేపు చుట్టి చుట్టి పెట్టారు. షాపతను స్క్రూలు విప్పి లాగితే దాని వెనకనుంచి ఎండిపోయిన చామంతి రేకులు గుప్పెడు రాలాయి. కొత్త సెట్టు వెడల్పు ఎక్కువ, బండి సందు చిన్నది. రంపపు బ్లేడు తీసుకుని డాష్‌బోర్డు ప్లాస్టిక్‌ని కోశాడు. ఆ చప్పుడుకి నా పళ్ళు జిల్లుమన్నాయి. పాత తీగలు ఎండకి రంగు పోయి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది బ్యాటరీకి పోతుందో, ఏది తాళానికో, ఏది స్పీకరుకో, చిన్న బల్బు పట్టుకుని ఒక్కొక్కటే ముట్టించి చూసుకుంటూ కలిపాడు. చివరికి తెర వెలిగింది. మా ఆయన చిన్నపిల్లాడిలాగా చప్పట్లు కొట్టాడు.

 అప్పుడు మామ లేచి వచ్చి, "అప్పా, దీంట్లో మీడియం వేవ్ ఉండాదా?" అని అడిగారు.

"అది ఇప్పుడు ఎవురు వింటారు తాతా? ఈ సెట్టుల్లో రాదు. ఎఫ్ఎమ్ ఉండాది, ఫోన్లో పాటలు ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు షాపతను.

"ఆ స్టేషను ఫోన్లో కూడా వస్తాది నాయనా, నేను పెడతా కదా" అన్నాడు మా ఆయన.

మామ సరేనని తలూపారు. పాత రేడియోని షాపతను ఏం చేశాడో నేను చూడలేదు. మామ అడగలేదు. నేను అడగడానికి వీల్లేదు. బండి ఎక్కాక ఆ తెరలో నా ముఖం కనిపించింది. ఏడుపు ముఖం.

ఫోనులో ఆ స్టేషను వచ్చిన మాట నిజమే. మా పల్లె దాటి అడవి దారి తగిలేసరికి సిగ్నలు పోయి తెర మీద గుండ్రంగా ఒక చుక్క తిరుగుతూ కూర్చునేది. మా ఆయనకి విసుగొచ్చి పాటలు పెట్టేశాడు. హోసూరు దగ్గరపడితే ఎఫ్ఎమ్ కన్నడం, అటు కృష్ణగిరి వైపు పోతే తమిళం. రెండూ మా ఇద్దరికీ అర్థమవుతాయి. కానీ పాటకి ఎవరు బదులు చెబుతారు? ఒకరోజు మా ఆయన మ్యాపు పెట్టాడు. అందులో ఒక ఆడగొంతు ఎడమకి తిరగమంది. మామ ఆశగా ముందుకి వంగి, "ఎడమపక్క చింతతోపు కదమ్మా, యాడికి తిప్పేది?" అన్నారు. నేను పకపకా నవ్వాను. ఆమె ఇంకో మాట అంటుందేమోనని ఇద్దరం చూస్తుండగానే మా ఆయన, "అది దారి మరిచిపోయింది నాయనా" అని ఆపేశాడు. ఆయన మంచితనానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కొన్నాళ్ళకి మామ బండి ఎక్కడం మానేశారు. "ఇంటికాడ ఉంటా, మీరు పోయి రాండి" అన్నారు కొడుకుతో. ఆ తర్వాతే నేను గమనించడం మొదలుపెట్టాను. రోజూ ఉన్న చోటే ఉన్న మంచానికి ఆయన మోకాలు కొట్టుకునేది. మజ్జిగ లోటాలో పోసుకోబోయి పక్కన పోసేవారు. తోటలో మొగ్గనీ విచ్చిన పువ్వునీ కలిపి కోసేశారు. ఆ చేతులు ఎన్నడూ అలాంటి తప్పు చేసినవి కావు. నాకు భయం పట్టుకుంది. మా ఆయనకి చెప్పాను. ఆయన పోయి, "కండ్లు తెలియలేదా నాయనా?" అని నిలబెట్టి అడిగాడు. "నాకేమప్పా, బాగుండా" అన్నారు మామ. అంతటితో అది ముగిసిపోయింది.

నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. ఆయన చూపు పోతోంది, ఆయన చెప్పరు, నేను అడగలేను. ఎన్నోసార్లు అరుగు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఎందుకు అడగలేవు, నోరు లేదా, అని మీరు అనవచ్చు. నోరు ఉంది. కానీ అన్నేళ్ళ మర్యాదని నేనే తెంచేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారేమో, నన్ను తప్పు పడతారేమో అని. రేడియో ఉండి ఉంటే ఈ పాటికి ఏ డాక్టరో కళ్ళ గురించి మాట్లాడేవాడు, ఆయన బదులు చెప్పేవారు. దాన్ని పీకించిన మొగుడి మీద లోపల్లోపల పళ్ళు నూరుకున్నాను.

చివరికి ఒక ఉపాయం చేశాను. కృష్ణగిరి దాటి బర్గూరు దగ్గర ఒక నర్సరీలో నారు తేవాలి. "నారు మంచిదో కాదో మామ చూస్తే నయం" అని మా ఆయన్ని ఎగదోశాను. మామ అయిష్టంగానే ఎక్కారు. హైవే ఎక్కాక పాటలు ఆపేయమన్నాను. తల నొప్పిగా ఉందన్నాను. దారిలో మా ఆయన బండి ఆపి టీ తాగడానికి దిగాడు.

బండిలో మేమిద్దరమే. మధ్యలో ఖాళీ గంప. నల్లగా ఉన్న ఆ తెర వంక చూస్తూ, "పెద్దవాళ్ళకి కండ్లు సరిగ్గా అగుపడలేదేమోనమ్మా. ఎవురికీ చెప్పకుండా ఉండారు. ఇంట్లో వాళ్ళకి శానా బేజారుగా ఉండాది" అన్నాను.

 లారీలు పోతున్నాయి, బండి కాస్త కాస్త ఊగుతోంది.

"అది ఆఫ్ అయి ఉండాది కదమ్మా" అన్నారు మామ.



"నన్నే అడుగు" అన్నారు.

అడిగాను. ముందు ఏడ్చాను, తర్వాత అడిగాను. కుడి కన్ను ఎప్పుడో మసకబారి, ఇప్పుడు వెలుగు తప్ప ఏమీ తెలియడం లేదట. ఎడమ కంట్లో నల్ల దారాలు ఈదుతున్నాయట. బండిలో పోయే రోజుల్లోనే మొదలైందట. రేడియోతో చెబుదామనుకుంటూ ఉండగానే అది పోయిందట. "ఇంగ ఎవురికి చెప్పేదిలే అనుకున్నా" అన్నారు. ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు, నారు ధర చెప్పినట్టు.

మా ఆయన టీ గ్లాసులతో తిరిగి వచ్చేసరికి తన తండ్రీ, తన పెళ్ళామూ ముఖాముఖి మాట్లాడుకుంటున్నారు. ఆయన చేతిలో టీ సగం ఒలికిపోయింది. నారు సంగతి మరిచిపోయి బండిని కృష్ణగిరిలో కంటి ఆస్పత్రికి తిప్పించాను. షుగరు కళ్ళకి ఎక్కిందన్నారు డాక్టరు. కుడి కన్ను ఇక రాదు. ఎడమది నిలబెట్టవచ్చు, ఇంకా ఆలస్యమైతే అదీ పోయేదన్నారు. ఆ రోజే దానికి ఏదో సూది వేసి, ఇంటి దగ్గర వెయ్యడానికి చుక్కల మందు ఇచ్చారు. అది మానకూడదని మరీ మరీ చెప్పారు.

పొద్దు వాలుతుండగా ఇంటికి చేరాం. మా ఆయన మందు సీసా మూత తీశాడు గానీ తండ్రి కంటికి గురి కుదరలేదు. ఒక చుక్క చెంప మీద, ఒకటి మీసం మీద పడ్డాయి. "నా వల్ల కాదు" అని సీసా నా చేతిలో పెట్టి, తడి కళ్ళతో పెరట్లోకి పోయాడు.

మామ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎన్నడూ నిలబడనంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. రెప్ప ఎత్తాలంటే ఆయన ముఖం ముట్టుకోవాలి. ఎడమచేత్తో ముట్టుకున్నాను. గడ్డం గరుకుగా తగిలింది.

"పైకి చూడండి మామా" అన్నాను.

ఆయన చూపు నేల మీదే ఉంచి, "పైకి చూస్తే నువ్వు అగుపడతావు కదమ్మా" అన్నారు.

"అగుపడనీండి మామా" అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశారు. నేను మందు వేశాను.